అడ్డగాలిలో సూటి పరుగు: కోరాపుట్ చలికాలంలో రిట్రీవర్లకు బ్లైండ్ శిక్షణ

రిట్రీవర్ కుక్క చేసే పని రెండు రకాలు. విసిరిన డమ్మీ, అంటే శిక్షణకు వాడే గుడ్డ లేదా ప్లాస్టిక్ వస్తువు, ఎక్కడ పడిందో కళ్ళారా చూసి, ఆ చోటును గుర్తుంచుకుని, వెళ్ళి తేవడం మొదటి రకం. శిక్షకులు దీన్ని మార్క్ అంటారు. రెండో రకంలో డమ్మీ పడడాన్ని కుక్క చూడదు. అది ఎక్కడుందో పంపే మనిషికి మాత్రమే తెలుసు. ఆ మనిషి చూపిన దిక్కున కుక్క సూటిగా పరుగెత్తాలి, విజిల్ ఒక్కసారి మోగగానే ఉన్నచోటే ఆగి అతనివైపు తిరిగి కూర్చోవాలి, చేతి సైగ ఎటు ఉంటే అటు మళ్ళీ కదలాలి, వస్తువు దొరికాక నోట కరుచుకుని తెచ్చి చేతికివ్వాలి. దీని పేరు బ్లైండ్. మార్క్‌లో కుక్క తన కంటినీ తన జ్ఞాపకాన్నీ నమ్ముకుంటే సరిపోతుంది. బ్లైండ్‌లో అది నూటయాభై మీటర్ల వెనక నిలబడ్డ మనిషిని నమ్మాలి. తన ముక్కు వేరే మాట చెబుతున్నప్పుడు కూడా ఆ మనిషినే నమ్మాలి. గాలి లేని రోజున ముక్కుకూ మనిషికీ తగువు రాదు. గాలి వీచే రోజునే వస్తుంది. అందువల్ల బ్లైండ్ నేర్పేవారు గాలిని పాఠానికి వచ్చిన ఆటంకంగా చూస్తే అసలు పాఠమే చేజారిపోతుంది.

తెలుగువారు నివసించే ప్రాంతాల్లో ఈ శిక్షణకు నిజంగా అనువైన చోట్లు తక్కువ. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ రెండూ చలిదేశాల కుక్కలు. లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల పడవల దగ్గర పనిచేసినవి. గోల్డెన్ జాతికి మూలమని చెప్పే తొలి ఈత 1868లో స్కాట్లండ్ కొండసీమలో పుట్టింది. నూనె జిడ్డుతో కూడిన పైబొచ్చు, దాని కింద ఉన్నిలాంటి మెత్తటి పొర ఈ కుక్కలకు నీటినుంచీ చలినుంచీ రక్షణ. అదే బొచ్చు కోస్తాలో శత్రువవుతుంది. బరంపురంలోనో శ్రీకాకుళంలోనో ఏడాదిలో ఎక్కువ నెలలు పొద్దెక్కాక వీటిని దూరం పరుగెత్తించడం వడదెబ్బను పిలిచి తెచ్చుకోవడమే. సాలూరు దగ్గర ఘాట్ ఎక్కి పొట్టంగి వైపు వెళ్ళేసరికి పరిస్థితి మారిపోతుంది. కోరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది; ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లది, ఇక్కడిదే. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల దిగువకు వెళ్ళడం ఇక్కడ మామూలు. వలిసె పూలు రాలిపోయి, వరికోతలు పూర్తయి, మళ్ళన్నీ మోళ్ళతో ఖాళీగా మిగిలే ఆ రోజులే సునాబెడ, సెమిలిగుడ, జయపురం, రాయగడ తెలుగు ఇళ్ళలో రిట్రీవర్లను పెంచుకునేవారికి దొరికే అసలైన శిక్షణకాలం.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. బ్రిటన్, అమెరికా వంటి దేశాల్లో ఈ విద్య పక్షుల వేటతో కలిసి పెరిగింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక ఇక్కడ తుపాకీకీ పక్షికీ చోటు లేదు. పని మొత్తం గుడ్డతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన డమ్మీలతోనే జరగాలి, జరుగుతుంది కూడా. దానివల్ల విద్యకు లోటేమీ లేదు. దూరం నుంచి చేతి సైగతో కుక్కను కావలసిన చోటికి నడిపించగలగడం గాలింపు పనిచేసే కుక్కలకు ఎంతో అక్కరకొచ్చే నైపుణ్యం; ఇంట్లో పెరిగే కుక్కకైతే అది ఒంటికీ బుర్రకూ ఒకేసారి దొరికే పని. చలికాలంలో కొలాబ్ జలాశయం ఒడ్డున నీటిపక్షులు గుంపుగా వాలి ఉన్న చోట్లకు మాత్రం కుక్కను తీసుకెళ్ళకూడదు. వాటిని తరిమి లేపడం కూడా వాటికి హానే.

సైగలతో కుక్కను నడిపించే పద్ధతి రిట్రీవర్లకు మొదటినుంచీ ఉన్నది కాదు. గొర్రెల మందలను కాసే కుక్కలను విజిళ్ళతో దూరం నుంచి మళ్ళించే స్కాట్లండ్ కాపరుల విద్య దీనికి తల్లి. అక్కడినుంచి అమెరికా వెళ్ళిన డేవ్ ఇలియట్ అనే శిక్షకుడు 1930లలో ఆ పద్ధతిని రిట్రీవర్ల పందేలకు తెచ్చాడని చెబుతారు. గాలి విషయంలో ఈ మూలం గుర్తుంచుకోదగ్గది. మందను కాసే కుక్క కంటితో పనిచేస్తుంది; దాని ఎదుట గొర్రెలు కనిపిస్తూనే ఉంటాయి. రిట్రీవర్ ముక్కుతో పనిచేసే జంతువు. మనిషికి వాసన పట్టే గ్రాహకాలు అరవై లక్షల వరకు ఉంటే కుక్కకు ముప్పై కోట్ల వరకు ఉంటాయని అంచనా. అంతటి ముక్కున్న జీవిని కంటితో చూడని చోటికి, ముక్కును పక్కనపెట్టి, కేవలం మాటమీద పంపడమంటే మనం దాన్ని అడుగుతున్నది చిన్న త్యాగం కాదు. దాని తడబాటును మొండితనంగా లెక్కగట్టే ముందు శిక్షకుడు ఈ మాట తలచుకోవాలి.

గాలిని చదవడం కుక్కకన్నా ముందు మనిషి నేర్చుకోవాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఇదే కాలంలో పక్క కళ్ళంలో తూర్పారపట్టే రైతు చేటెత్తే ముందు గుప్పెడు ధాన్యం జారవిడిచి, తాలు ఎటు కొట్టుకుపోతోందో, ఎంత దూరాన పడుతోందో చూసుకుంటాడు. గింజ కాళ్ళ దగ్గరే రాలుతుంది, పొట్టు గజం దూరం పోతుంది. ఆ గజమే అతనికి కావలసిన లెక్క. శిక్షకుడూ అలాగే కుక్కను పంపే చోట ఒకసారి, వీలైతే డమ్మీ పెట్టిన చోట మరోసారి, పిడికెడు ఊక వదిలి చూడాలి. రెండు చోట్లా గాలి ఒకేలా ఉంటుందని అనుకోకూడదు. మొహానికి గాలి తగులుతూ ఆకులు గలగలమంటే వేగం గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు. ఆకులు, సన్నకొమ్మలు ఆగకుండా ఊగుతుంటే 12 నుంచి 19. దుమ్మూ చిత్తుకాగితాలూ లేస్తుంటే 20 నుంచి 28. మొదటి రెండు స్థాయిలూ పాఠానికి మంచివి. మూడోది ఆరితేరిన కుక్కలకే.

ఇక వాసన సంగతి. చలిమంట దగ్గర కూర్చున్నవారికి పొగ పోయే తీరు తెలుసు: మంట దగ్గర సన్నగా మొదలై, గాలివాటున పోనుపోను విసనకర్రలా విచ్చుకుంటుంది. డమ్మీ వాసన కూడా అంతే. డమ్మీ ఆ విసనకర్రకు పిడి. గాలి పోయే వైపున దాని ఆకు పరుచుకుని ఉంటుంది. గాలి వచ్చే వైపున, అడుగు దూరంలో నిలబడ్డా కుక్కకు ఏమీ తెలియకపోవచ్చు. గాలి పోయే వైపున పదుల మీటర్ల దూరం నుంచే తెలిసిపోవచ్చు. చలి దీన్ని కొంత మారుస్తుంది. చల్లని, పొడి గాలిలో వాసన ఇచ్చే పదార్థాలు తక్కువగా ఆవిరవుతాయి కనుక విసనకర్ర పలచబడుతుంది. మంచుతో తడిసిన నేలమీద సూర్యకిరణం పడి తేమ లేవడం మొదలైనప్పుడు మళ్ళీ చిక్కబడుతుంది. ఏడింటికి పక్కనుంచి వెళ్ళినా పసిగట్టని డమ్మీని అదే కుక్క ఎనిమిదిన్నరకు దూరం నుంచే పట్టేసిందంటే అందులో వింత లేదు.

ఎదురుగాలిలో పంపినప్పుడు కుక్క పరుగు వాసనలోకే వెళుతుంది. చివరి భాగంలో ముక్కు సాయం చేస్తుంది కనుక విజయం తేలిక. మొదటిసారి బ్లైండ్ నేర్చుకునే పిల్లకుక్కకు ధైర్యం కలగడానికి నాలుగైదు పాఠాలు ఇలా పెట్టవచ్చు. అంతకు మించి పెడితే, పంపిన దిక్కు కన్నా ముక్కే మేలన్న నమ్మకం దానికి గట్టిపడుతుంది. వెనకగాలిలో ఇందుకు పూర్తి వ్యతిరేకం: డమ్మీని దాటేదాకా వాసన అందదు. కుక్కకు మనిషి చూపిన గీత, అంటే అతను పంపిన సూటి దారి, తప్ప వేరే ఆధారం ఉండదు. గీతమీద నమ్మకం పెంచడానికి ఇంతకన్నా మంచి గాలి లేదు, కాకపోతే దూరం తక్కువగా ఉండాలి, డమ్మీలు నాలుగైదు ఒకే కుప్పగా ఉండాలి, కుక్క ఎంత దూరం వెళితే అంత దూరాన ఏదో ఒకటి దొరుకుతుందన్న భరోసా కలగాలి.

అసలు చిక్కు అడ్డగాలిలో ఉంది. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి. గాలి ఎడమనుంచి కుడికి వీస్తోందనుకుందాం. పరుగెత్తే కుక్క తెలియకుండానే గాలివాటున, అంటే కుడివైపుకు, జారుతుంది. ముఖానికి ఒక పక్కనుంచి తగిలే గాలినుంచి తల తిప్పుకోవడం ఏ జంతువుకైనా సహజం; తల తిరిగిన వైపే ఒళ్ళూ తిరుగుతుంది. జారడం మొదట పది డిగ్రీలే కావచ్చు. ముప్పై మీటర్ల దగ్గర అది అయిదు మీటర్ల తేడా, కంటికి అంతగా ఆనదు. వంద మీటర్ల దగ్గర పదిహేడు మీటర్లు దాటుతుంది. రెండువందల మీటర్ల దగ్గర ముప్పై అయిదు మీటర్లు, అంటే డమ్మీ ఒక మడిలో ఉంటే కుక్క మరో మడిలో ఉంటుంది.

ఇంతవరకు ఇది గురి తప్పడమే. దీనికన్నా లోతైన సమస్య ఆ తర్వాత ఎదురవుతుంది. డమ్మీ వాసన పరుచుకుని ఉన్నది కూడా కుడివైపే. గీత తప్పి కుడికి జారిన కుక్క కాసేపటికి విసనకర్రలోకి అడుగుపెడుతుంది, చటుక్కున తల ఎడమకు తిప్పుతుంది, గాలికి ఎదురు వెళ్ళి డమ్మీని పట్టుకుంటుంది. గీతమీద సూటిగా, లేదా గీతకు కాస్త ఎడమగా వెళ్ళిన మంచి కుక్క మాత్రం డమ్మీ పక్కనుంచే ఏమీ తెలియకుండా దాటిపోయి, విజిల్ దెబ్బలు తింటుంది. తప్పు చేసిన కుక్కకు బహుమానం, చెప్పినట్టు చేసిన కుక్కకు ఆటంకం. ఈ బహుమానం ఇచ్చింది శిక్షకుడు కాదు, గాలి. పది రోజులు ఇలా జరిగితే కుక్క నేర్చుకునేది ఒక్కటే: గాలివాటున జారితే పని త్వరగా అవుతుంది. చాలామంది శిక్షకులు, డమ్మీ వచ్చింది కదా అని ఆ కుక్కను భుజం తట్టి మెచ్చుకుంటారు కూడా. ఆ మెప్పుతో గాలి నేర్పిన పాఠానికి మనిషి ముద్ర పడుతుంది.

కుక్కకు డమ్మీ దొరికినప్పుడు గీత తప్పితే నష్టమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. తప్పిపోయిన మనిషిని వెతికే కుక్కకైతే గాలివాటుకు వెళ్ళి వాసన పట్టడమే విద్య. దాన్ని గీతకు కట్టేయడం అన్యాయం. బ్లైండ్ పని అది కాదు. మధ్యలో బావి ఉండవచ్చు, పంట ఉన్న మడి ఉండవచ్చు, అడవిపందులకు పెట్టిన ఉచ్చు ఉండవచ్చు, వదిలేయాల్సిన మరో డమ్మీ గాలి వచ్చే వైపున పడి ఊరించవచ్చు. ఆ సమాచారం మనిషి దగ్గర ఉంది, కుక్క దగ్గర లేదు. ముక్కుకు అందేది అందాక వాడుకోనివ్వాలి, అందేదాకా గీత నిలవాలి. ఈ రెంటి మధ్య హద్దు ఎక్కడన్నదే అడ్డగాలి పాఠం.

కాబట్టి అడ్డగాలిలో చేయవలసిన పని ఆలస్యం లేకుండా ఆపడం. కుక్క విసనకర్రలోకి వెళ్ళకముందే, జారడం మొదలైన ఇరవై ముప్పై మీటర్లలోనే, విజిల్ మోగాలి. కుక్క కూర్చోవాలి. అప్పుడు గాలికి ఎదురుగా, ఎడమవైపు వెనక్కి సైగ ఇవ్వాలి, అంటే మనిషికి ఇంకా దూరంగా, ఎడమకు పొమ్మని చూపాలి. ఇక్కడ మరో చిక్కు వస్తుంది. గాలిలోకి తిరగమనే సైగను కుక్కలు సగమే తీసుకుంటాయి. నలభై అయిదు డిగ్రీలు అడిగితే ఇరవై ఇస్తాయి. అందుకని అటువైపు సైగ కొంచెం ఎక్కువ చేసి చూపాలి, చేయి పూర్తిగా చాచి అటువైపు రెండడుగులు వేయాలి. కుక్క కన్ను కదలికను ఇట్టే పడుతుంది. నిలబడ్డచోటే ఎత్తిన చేయి కన్నా నడుస్తున్న మనిషి ఎత్తిన చేయి దానికి ఎంతో స్పష్టం. గాలివాటు సైగకు ఈ హంగామా అక్కర్లేదు. మోచేయి కదిలినా పోతుంది.

సెమిలిగుడ పరిసరాల్లో కోసిన వరిమడి ఒకదాన్ని ఊహించుకుంటే ఈ మాటలు కళ్ళకు కడతాయి. ఉదయం ఏడున్నర. మోళ్ళమీద మంచు ఇంకా ఆరలేదు. నల్ల లాబ్రడార్ శిక్షకుడి ఎడమకాలి పక్కన కూర్చుని ఉంది, దాని వెన్నెముక గీతవైపు తిన్నగా ఉంది, ముక్కు మాత్రం కుడికి అంగుళం తిరిగి ఉంది. పంపకముందే సగం కథ ఆ అంగుళంలో కనిపిస్తోంది. శిక్షకుడు పంపడు, అరడుగు ముందుకు వేసి, కుక్క తల గీతమీదికి వచ్చేదాకా ఆగుతాడు. పంపాక మొదటి గట్టు దూకుతుంది, రెండో గట్టు దగ్గర గాలి ఒక విసురు విసురుతుంది, కుక్క గట్టును అడ్డంగా దాటకుండా దాని వెంబడే నాలుగు గంతులు వేస్తుంది. అక్కడ మోగాలి విజిల్. మూడో గట్టు దాకా చూద్దామనుకుంటే ఆలస్యమైనట్టే. వాసన అందిన కుక్కను గుర్తుపట్టడం కష్టం కాదు: తోక ఊపు ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది, తల భుజాల కిందికి దిగుతుంది, అడుగులు పొట్టివవుతాయి. ఆ స్థితిలో విజిల్ ఊదితే నూటికి నూరుపాళ్ళూ వినాలని కోరడం తొలి ఏడాది కుక్క విషయంలో అత్యాశ. వినకపోవడమనే అలవాటును మన చేతులారా నేర్పినట్టవుతుంది.

కోరాపుట్ మళ్ళు మెట్లు మెట్లుగా ఉంటాయి. పల్లానికి జారడం కూడా కుక్కకు గాలివాటుకు జారినంత సహజం. వాలూ గాలీ ఒకే వైపు లాగితే తప్పు రెట్టింపవుతుంది. అది కనిపించే తప్పు కనుక దిద్దుకోవచ్చు. రెండూ ఎదురెదురుగా లాగినప్పుడు కుక్క ముచ్చటగా గీతమీద పోతుంది, శిక్షకుడు దానికి విద్య వచ్చేసిందనుకుంటాడు, మరునాడు గాలి మారగానే లోపం బయటపడుతుంది. కొండ ప్రాంతంలో మరునాటిదాకా ఆగనక్కర్లేదు కూడా. రాత్రంతా చల్లబడిన గాలి బరువెక్కి వాలువెంట లోయలోకి దిగుతుంటుంది. పొద్దెక్కి కొండవాలు వేడెక్కాక గాలి పైకి పాకడం మొదలెడుతుంది. ఏడింటికి పైనుంచి కిందికి వీచిన మడిలోనే పదింటికి కిందినుంచి పైకి వీస్తుంది. ఈ రెంటి మధ్య అరగంటో గంటో గాలి ఎటూ నిలవదు, వాసన పల్లపు మడుల్లో కొలనులా నిలిచిపోతుంది. ఆ సమయంలో బ్లైండ్ పెడితే కుక్క ఎందుకు తప్పిందో ఎవరూ చెప్పలేరు. కారణం చెప్పలేని తప్పును దిద్దబోవడం కన్నా కుక్కకు విశ్రాంతి ఇవ్వడం మేలు. పాఠాల పుస్తకంలో తేదీతో పాటు గంట, గాలి దిక్కు, వాలు రాసిపెట్టుకుంటే నెల తిరిగేసరికి ఆ మడి స్వభావం చేతికొస్తుంది.

ముక్కుకు తేలికైన ఎదురుగాలి చెవికి చాలా కష్టం. ఇది తెలియక జరిగే అన్యాయాలు ఎన్నో. నేల దగ్గర గాలివేగం తక్కువ, పైకి పోనుపోను ఎక్కువ. అందువల్ల గాలికి ఎదురు వెళ్ళే శబ్దం పైకి వంగిపోయి, దూరాన నేలమీద ఉన్న చెవికి అందకుండా పోతుంది. గాలివాటున వెళ్ళే శబ్దం కిందికి వంగి చక్కగా వినిపిస్తుంది. ఎదురుగాలిలో పంపిన కుక్క మనిషికన్నా గాలి వచ్చే వైపున ఉంటుంది కనుక విజిల్ దానికి ఎదురీదుతూ చేరాలి. దానికి తోడు కాళ్ళకింద మోళ్ళ చప్పుడు, దాని రొప్పు, చెవులమీద గాలి హోరు ఉన్నాయి. ఆగని కుక్కను మొండిదనే ముందు అది విన్నదా అని చూడాలి. ఒక మనిషిని డమ్మీ దగ్గర, కుక్క చెవి ఎత్తున తల వంచి కూర్చోబెట్టి, విజిల్ వినిపించినప్పుడల్లా చేయి ఎత్తమంటే నిజం తేలిపోతుంది. ఇరవై ఊదితే పన్నెండుసార్లే చేయి లేచిందంటే ఆ రోజు ఆ దూరం ఎక్కువైనట్టు. విన్నా కూడా శబ్దం నూటయాభై మీటర్లు చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోయే కుక్క ఆలోగా నాలుగు మీటర్ల దాకా ముందుకెళుతుంది. ఆ మాత్రం ముందుగానే ఊదాలి. లోపల గోళీ లేని విజిల్, ఎప్పుడూ ఒకే స్వరం పలికేది, ఒకే కంపెనీది, మెడలో రెండు ఉండాలి. గొంతు చించుకుని అరవడం పనికిరాదు. అరుపులో కుక్కకు వినిపించేది ఆజ్ఞ కాదు, కోపం.

సరిహద్దు జిల్లాల ఇళ్ళకు విజిల్ వల్ల మరో మేలుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పనివారితో దేశియా, వీడియోలు చూసి నేర్చుకున్న ఇంగ్లీషు ఆజ్ఞలు: ఒక్క కుక్క చెవిలో ఇన్ని భాషలు పడుతుంటాయి. తండ్రి ‘పో’ అంటాడు, కొడుకు ‘బ్యాక్’ అంటాడు, తోటమాలి ‘జా’ అంటాడు. ఇంట్లో ఇది చెల్లుతుంది. నూటయాభై మీటర్ల దూరాన, గాలిలో సగం మాట కొట్టుకుపోయే చోట చెల్లదు. పంపడానికి ఏ మాట వాడతారన్నది ముఖ్యం కాదు. ఇంటిల్లిపాదీ ఆ ఒక్కదానికే కట్టుబడడం ముఖ్యం. ఆగడానికి ఒక ఊదు, రావడానికి మూడు చిన్న ఊదులు. ఇవి ఏ భాషవీ కావు కనుక తగువే లేదు.

కంటి విషయం తొందరగా చెప్పుకోవచ్చు. కుక్కకు ఎరుపు, నారింజ రంగులు విడిగా కనిపించవు. ఆరిన గడ్డిలో నారింజ డమ్మీ మనిషికి కొట్టొచ్చినట్టు, కుక్కకు గడ్డిలో గడ్డిలా కనిపిస్తుంది. అందుకే బ్లైండ్‌కు నారింజ, మార్క్‌కు తెలుపు. శిక్షకుడి స్వెట్టర్ మాత్రం తెల్లగా ఉండాలి. బూడిదరంగు శాలువా కప్పుకుని పొగమంచులో సైగలిస్తే కుక్కకు కనిపించేది ఒక మసక స్తంభమే. పొద్దున సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని పంపితే, తిరిగి చూసిన కుక్క కళ్ళలో ఎండ పడుతుంది. గీతను ఉత్తర దక్షిణాలుగా ఎంచుకుంటే ఈ బాధ తప్పుతుంది. మంచు వంద మీటర్ల చూపును కూడా మింగేస్తుంటే ఆగడమే.

చలి గురించి ఇక్కడ రెండు తప్పుడు నమ్మకాలు ఉన్నాయి. చలిదేశపు కుక్క కాబట్టి దానికేమీ కాదన్నది ఒకటి. చలికి కుక్కను బయటికే తీయకూడదన్నది రెండోది. పొడి బొచ్చుతో, కదులుతూ ఉన్న లాబ్రడార్‌కు అయిదారు డిగ్రీల చలి హాయి. తడిసి, కదలకుండా, గాలిలో కూర్చున్న లాబ్రడార్‌కు అదే చలి ప్రమాదం. తేడా తడిలోనూ గాలిలోనూ ఉంది. బొచ్చులో అర లీటరు నీరు నిలిచిందనుకుంటే, అది పూర్తిగా ఆవిరి కావడానికి సుమారు 290 కిలోక్యాలరీల వేడి కావాలి. ముప్పై కిలోల కుక్క ఏ పనీ చేయకుండా రోజంతా బతకడానికి కావలసింది సుమారు 900 కిలోక్యాలరీలు. ఆ వేడిలో కొంత గాలినుంచి వచ్చినా, మిగతాది కుక్క ఒంటినుంచే పోవాలి. తువ్వాలుతో రెండు నిమిషాలు గట్టిగా తుడిస్తే ఆ ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. వంతుకోసం ఎదురుచూసే కుక్కను తడినేలమీద కాక మడతపెట్టిన గోనెసంచిమీద, జీపు చాటునో గడ్డికుప్ప చాటునో కూర్చోబెట్టాలి.

ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 37 కన్నా తగ్గుతోందంటే శిక్షణ మాట మరిచిపోయి వెచ్చబరచి పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. అంతదాకా రాకముందే కుక్క చెబుతుంది. వణుకు అందరికీ తెలిసిన గుర్తు. డమ్మీని మునుపటికన్నా వదులుగా పట్టడం, తిరుగు పరుగు నెమ్మదించడం, విజిల్‌కు ఆగి కూడా కూర్చోకుండా నిలబడిపోవడం చాలామంది పట్టించుకోని గుర్తులు. ఈ చివరిదాన్ని అవిధేయతగా తీసుకోవడం పెద్ద పొరపాటు. మంచునీళ్ళు నిలిచిన మడిలో పొట్టకింద బొచ్చు పలచగా ఉన్న కుక్క కూర్చోవడానికి జంకితే, ఆగి మనిషివైపు తిరిగి చూసినంతవరకు దాన్ని ఒప్పుకోవాలి. ఆగడం ముఖ్యం, ఆసనం కాదు. మొదటి బ్లైండ్‌కు ముందు పది నిమిషాల నడక, మధ్యలో వేడి తగ్గకుండా చిన్న చిన్న మార్కులు, పూట మొత్తంమీద మూడు నాలుగు బ్లైండ్లు. అంతకు మించితే చలికాలంలో కుక్క అలసట బయటికి కనిపించదు, ఎండాకాలంలోలా నాలుక వేలాడదీసి చెప్పదు. ఇంటికొచ్చాక వరిమోళ్ళు గుచ్చుకున్న అరికాళ్ళూ కళ్ళ మూలలూ దీపం పెట్టి చూడాలి.

కుక్క మెడకు కట్టి దూరం నుంచి కరెంటు షాకిచ్చే ఎలక్ట్రిక్ కాలర్ ఊసు ఈ విషయంలో తప్పదు. అమెరికా పందేల్లో అది విరివిగా వాడుకలో ఉంది. వేల్స్ దేశం 2010లోనే దాన్ని నిషేధించింది. గాలి పాఠాల్లో దాని వాడకం ముమ్మాటికీ తప్పన్నది ఈ వ్యాసం అభిప్రాయం. కుక్కకు విజిల్ వినిపించలేదా, వినిపించినా మాట వినలేదా అన్నది గాలిలో మనిషికి ఖాయంగా తెలియదు. తెలియనప్పుడు శిక్ష వేస్తే, గాలి వీచిన రోజల్లా ఆ పొలంలో ఏదో జరుగుతుందన్న భయమే కుక్కకు మిగులుతుంది. దూరం తగ్గించి, ఇరవై అడుగుల పొడవు తాడు కట్టి, మనిషే కుక్క దగ్గరికి నడిచివెళ్ళి పాఠం మళ్ళీ మొదలుపెడితే వారం ఎక్కువ పడుతుంది. ఆ వారం ఇవ్వలేని మనిషికి బ్లైండ్ నేర్పే అర్హత లేదు.

పాఠాల వరుస కూడా గాలినిబట్టే సాగాలి. పెరట్లోనే విజిల్‌కు ఆగడం, మూడువైపుల సైగలు నేర్పాక, మైదానంలో కుక్క చూస్తుండగా డమ్మీల కుప్ప పెట్టి ఆ చోటుకే వారం పాటు పంపాలి. చోటు తెలుసు కాబట్టి అక్కడ గాలి మారినా గీత మారకూడదని నేర్పవచ్చు; తప్పు ఎవరిదో తేలికగా తేలుతుంది. అదే మడిలో, అదే కుప్పకు, ఎదురుగాలిలో ఒకరోజు, వెనకగాలిలో ఒకరోజు, అడ్డగాలిలో మూడు రోజులు. ఆ తర్వాతే ఎన్నడూ చూడని మడిలో, ఎన్నడూ వెళ్ళని గీతమీద పంపడం. దీన్ని శిక్షకులు కోల్డ్ బ్లైండ్ అంటారు. ఆ పేరులో కోల్డ్ అన్నమాటకు చలితో సంబంధం లేదు, ముందస్తు పరిచయం లేనిదని మాత్రమే అర్థం. మొదటి కోల్డ్ బ్లైండ్లు నలభై యాభై మీటర్లకు మించకూడదు. దూరం పెంచిన రోజు గాలి తేలికగా ఉండాలి, గాలి పెరిగిన రోజు దూరం తగ్గాలి.

నీటిలో బ్లైండ్ అన్నిటికన్నా చివర. కొలాబ్ జలాశయం పాయల్లో గాలికి అలలు లేచినప్పుడు ఈదే కుక్క కన్ను నీటికి జానెడు ఎత్తున కూడా ఉండదు. డమ్మీ ఒక అలమీద కనిపించి మరో అల చాటున మాయమవుతుంది, పైగా అది కూడా గాలివాటున కొట్టుకుపోతుంటుంది. కుక్క గీత తప్పడంతో పాటు గీతే కదిలిపోతుంది. అందుకని డమ్మీని నీటిలో తేలనివ్వకుండా అవతలి ఒడ్డున, నీటి అంచుకు రెండడుగుల పైన పెట్టాలి. చన్నీళ్ళలో ఎక్కువసేపు ఈదిన లాబ్రడార్లకు మరునాడు తోక మొదలు నొప్పెట్టి, చచ్చుబడినట్టు కిందికి వేలాడడం తరచు కనిపించే జబ్బు. విశ్రాంతి ఇస్తే కొద్ది రోజుల్లో తగ్గుతుంది, విరిగిందని భయపడి లాగి చూడకూడదు. నీటి పనికి పొద్దు బాగా ఎక్కి, గాలి ఆకులను మాత్రమే కదిలిస్తున్న పూట చూసుకోవాలి. ఒడ్డున పొడి తువ్వాళ్ళు రెండు, గోనెసంచి ఒకటి సిద్ధంగా ఉంచుకుని ఒక్కసారి పంపాలి. కుక్క ఒడ్డెక్కి డమ్మీ చేతికివ్వగానే తుడిచి, ఒళ్ళు ఆరేదాకా నడిపించి, ఆ రోజుకు ఇంటికి తీసుకెళ్ళాలి.